మన వీడియోలో మన మాట వినబడాలంటే

(సమాఖ్య వార్షిక మహాసభలో వీడియో కమిటీ సభ్యురాలు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే అచ్చు వేస్తున్నాం.)



కోశాధికారి గారు ఇప్పుడే లెక్కలు చదివారు. అందులో వీడియో కెమెరా, మైకులు, హెడ్‌ఫోను అని ఒక పద్దు వచ్చింది. వెనక వరసలో ఎవరో "కెమెరా అంటే సరేగానీ మైకు ఏటికి? కెమెరాలోనే ఉంటాది కదా" అన్నారు. నాకు వినబడింది. అడగాల్సిన ప్రశ్నే అది. సమాఖ్య డబ్బు అంటే మన పొదుపు డబ్బు. ప్రతి రూపాయికీ జవాబు ఉండాలి. ఈ పావుగంటా ఆ జవాబే చెప్తాను.

కెమెరాలో మైకు ఉంటుంది, నిజమే. మన ఫోనులో కూడా ఉంటుంది. పుట్టినరోజు పాటకి, పిల్లాడి మొదటి అడుగుకి అది చాలు. కానీ ఒక మనిషి కూర్చొని తన సంగతి చెప్తుంటే, ఆ మాట ప్రతి ముక్కా అర్థం కావాలంటే అది చాలదు. ఎందుకో చెప్తాను. మీరు పూర్ణా మార్కెట్లో నిలబడ్డారనుకోండి. చుట్టూ బేరాలు, ఆటో హారన్లు, లౌడ్ స్పీకర్లో సబ్బుల ప్రకటన. అంతలో మీ పిల్ల "అమ్మా" అని పిలుస్తుంది. మీకు ఆ ఒక్క పిలుపే వినబడుతుంది, మిగతాదంతా వెనక్కి పోతుంది. వినేది చెవే గానీ, ఏది కావాలో ఏరేది మనసు. కెమెరాకి మనసు లేదు. దానికి మీ పిల్ల పిలుపూ ఒకటే, ఆటో హారనూ ఒకటే. ఏది దగ్గరగా ఉంటే అది పెద్దగా తీసుకుంటుంది.

ఇంకో సంగతి. జూమ్ చేస్తే మొహం దగ్గరికొస్తుంది. మాట దగ్గరికి రాదు. మాట ఎంత దూరంలో ఉందో అక్కడే ఉంటుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు. పది అడుగుల దూరంలో నిలబడి మొహం నిండా తీస్తారు, బొమ్మ అద్దంలా ఉంటుంది, మాట బావిలోంచి వచ్చినట్టుంటుంది.

దూరానికి ఒక లెక్క ఉంది. ఆరుబయట, నోటికీ మైకుకీ మధ్య దూరం రెట్టింపైతే మైకుకి చేరే శబ్దం బలం నాలుగో వంతుకి పడిపోతుంది. ఒక అడుగు దూరంలో ఉన్న మైకుని రెండు అడుగులకి జరిపితే నాలుగో వంతు. నాలుగు అడుగులకి జరిపితే పదహారో వంతు. ఎనిమిది అడుగులకి, అంటే మామూలుగా కెమెరా పెట్టే చోటికి వచ్చేసరికి అరవై నాలుగో వంతు. గొంతు అలా తగ్గిపోతోంది గానీ చుట్టూ ఉన్న లారీ చప్పుడు తగ్గదు. అది ఎంత ఉందో అంతే ఉంటుంది. అందుకని మాటకీ రొదకీ తేడా పోతుంది. మైకుని కెమెరా దగ్గర నుంచి తీసి మనిషి దగ్గర పెట్టడం, బయటి మైకు అంటే ఇంతే. మిగతావన్నీ ఆ పని సరిగ్గా చేసుకోవడానికి చిట్కాలు.

ఇదంతా ఎందుకు ఇంత పట్టుగా చెప్తున్నానో కూడా చెప్పాలి. ఎండుచేపల గుంపులో మన పెద్దమ్మ ఒకావిడ ఉంది. పేరు చెప్పను, ఆవిడ ఇంటివాళ్ళు ఒప్పుకున్నంత వరకే చెప్తాను. రోజువడ్డీ అప్పుల్లోంచి సంఘంలో చేరి ఎలా బయటపడిందో ఆవిడ చెప్తే వినాలి. పొద్దున తీసుకున్న డబ్బుకి సాయంత్రం ఎంత కట్టేదో, చేపలు అమ్ముడు పోని రోజున ఏ సామాను తాకట్టు పెట్టిందో, రూపాయి పైసలతో సహా చెప్పేది. రెండేళ్ళ కిందట సమాఖ్య తరఫున ఒక స్టూడియో అతన్ని కిరాయికి పెట్టి వీడియో తీయించారు. రేవు ఒడ్డున, గాలిలో, కెమెరా మైకు మీదే తీశాడు. ఇంటికెళ్ళి చూసుకుంటే మాట అర్థం కాలేదు. అర్థం కాలేదని ఆ మాట తీసేసి, మీద వీణ సంగీతం వేసి, ఎవరో మగగొంతుతో "నిరుపేద మహిళ ఆర్థిక స్వావలంబన" అని చదివించి ఇచ్చాడు. అందరికీ చూపించిన రోజున ఆవిడ తెర మీద తన పెదాలు కదలడం చూసి, "నా గొంతేదే?" అంది. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఆ తర్వాత ఏడు నెలలకి ఆవిడకి పక్షవాతం వచ్చింది. మనిషి ఉంది, మాట లేదు. అసలు టేపు అడిగితే చెరిపేశామన్నారు.

ఆ తర్వాతే కమిటీ కూర్చొని, మన వీడియోలు మనమే తీసుకోవాలని, కెమెరా కంటే ముందు మైకు కొనాలని తీర్మానం రాసింది. తీర్మానం నెంబరు కార్యదర్శి గారి పుస్తకంలో ఉంటుంది.

మనమే మొదటివాళ్ళం కాదు లెండి. అహ్మదాబాదులో సేవా సంఘం ఆడవాళ్ళు 1984లోనే వీడియో పట్టుకున్నారు. మార్తా స్టువర్ట్ అనే అమెరికా ఆవిడ వచ్చి వాళ్ళకి నేర్పింది. నేర్చుకున్నవాళ్ళలో చదవడం రాయడం రానివాళ్ళూ ఉన్నారు. మన తెలుగునేలలోనే జహీరాబాదు దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. అక్కడి సంఘాల దళిత ఆడవాళ్ళు, పొలం పని చేసుకునేవాళ్ళు, 1990ల చివర్లో కెమెరా నేర్చుకొని, విత్తనాల మీదా పత్తి రైతుల కష్టం మీదా సినిమాలు తీశారు. దేశాలు దాటి చూపించారు. కళ్ళెదురుగా, సమానమైన ఎత్తులో పెట్టి తీసే షాట్‌కి వాళ్ళు పెట్టుకున్న పేరు "సంఘం షాట్". సంఘంలో అందరూ ఒకే ఎత్తున కూర్చుంటారు కదా, అందుకని. ఆ ప్రాంతంలోనే మాచ్‌నూర్‌లో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. రేడియో అంటే బొమ్మ అసలు ఉండదు, ఉన్నదంతా మాటే. మైకు ముందు ఎలా ఉండాలో రేడియో నడిపే ఆడవాళ్ళకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం.

ఇప్పుడు మన సామాను చూద్దాం. బల్ల మీద పెట్టాను, భోజనాల తర్వాత వచ్చి చేత్తో పట్టుకొని చూడండి.

ఇదిగో ఇది కాలర్ మైకు. శనగగింజంత ఉంటుంది, వైరు ఆరు మీటర్లు. వెయ్యి రూపాయల లోపే దొరికింది. టీవీలో చర్చల్లో కోటుకి తగిలించుకుంటారు చూడండి, అదే. దీన్ని లావలియర్ అని కూడా అంటారు. ఫ్రెంచి వాళ్ళ మాట అది, మెడ గొలుసుకి వేలాడే పతకం అని అర్థం. మొదట్లో ఈ మైకుల్ని తాడు కట్టి మెడలోనే వేసుకునేవారట. అంటే పుట్టుకతో ఇది ఆడవాళ్ళ నగ. తర్వాత మగవాళ్ళ కోటుకి ఎక్కింది. ఇంగ్లీషు పుస్తకాల్లో, యూట్యూబు పాఠాల్లో అందరూ "కాలరుకి తగిలించండి, టైకి తగిలించండి" అనే చెప్తారు. మనకి కాలరు ఏది, టై ఏది?

చీర మీద ఎలా పెట్టుకోవాలో మేం నాలుగు నెలలు చూసి చూసి కనిపెట్టుకున్నాం. దీని మీద కొంచెం ఎక్కువ చెప్తాను, ఇది ఏ పుస్తకంలోనూ దొరకదు. మైకు గడ్డానికి జానెడు కింద ఉండాలి. అంతకంటే పైకి పెడితే గడ్డం నీడ పడి మాట మందగిస్తుంది. కిందికి పోతే దూరం పెరుగుతుంది. ఆ జానెడు దగ్గర సరిగ్గా ఏముంటుంది? పుస్తెలతాడు, నల్లపూసలు, పొడుగు గొలుసు. మనిషి కాస్త ముందుకి వంగితే అవి వచ్చి మైకుని కొడతాయి. వీడియోలో అది ఎవరో తలుపు తట్టినట్టు వినబడుతుంది. పుస్తెలు తీయమని ఎవరినీ అడగొద్దు. అది అడిగే మాట కాదు. గొలుసుని జాకెట్టు లోపలికి వేసుకోమంటే చాలు, ఎవరూ కాదనరు. మైకుని మధ్యలో కాకుండా పైట భుజం మీదికి ఎక్కే చోట, మడతల అంచుకి తగిలించాలి. ఏ పక్క? ఆవిడ ఎవరితో మాట్లాడుతుందో, అంటే ప్రశ్నలు అడిగే మనిషి ఏ పక్కన కూర్చుందో ఆ పక్క. మనిషి తల ఎటు తిప్పితే మాట అటు పోతుంది. పైట ఉన్నది ఎడమ భుజం మీద కాబట్టి అడిగేవాళ్ళు కెమెరాకి ఆ పక్కనే కూర్చుంటే పని తేలిక.

క్లిప్పు ఒక్కటే చాలదు. గంజి పెట్టిన నేతచీర, కొత్త పట్టుచీర గరగరలాడతాయి. ఊపిరి తీసినా వినబడుతుంది. ఉతికి ఉతికి మెత్తబడిన చీర అయితే ఏ గొడవా లేదు. అందుకని ముందురోజే ఫోన్ చేసి చెప్పాలి, "పెళ్ళికి కట్టుకునేది కాదమ్మా, ఇంట్లో కట్టుకునే మెత్తటిది కట్టుకో" అని. ఆవిడ వినదు, కొత్త చీరే కట్టుకొస్తుంది. వీడియో అంటే ఎవరికైనా ఉంటుంది కదా. అప్పుడు పైటని ఆ చోట రెండు పిన్నీసులతో జాకెట్టుకి బిగించేయాలి. గుడ్డ కదలకపోతే గరగర రాదు. మైకు కింద వైరుని చిన్న చుట్టలాగా చుట్టి దాన్ని కూడా పిన్నీసుతోనో గుడ్డ టేపుతోనో పట్టించాలి. ఆవిడ చెయ్యి తగిలి వైరు లాగితే ఆ లాగుడు చుట్ట దగ్గర ఆగిపోతుంది, మైకు దాకా పోదు. మిగతా వైరు పైట కిందుగా వెనక్కి తీసి నడుము దగ్గర్నుంచి కెమెరాకి తెచ్చుకోవాలి. బురఖా వేసుకునే చెల్లెళ్ళకి మైకు లోపల దాచకుండా గుడ్డ పైనే పెట్టాలి. లోపల పెడితే రెండు పొరల మధ్య రాపిడి. పంజాబీ డ్రెస్సుకి చున్నీ వదిలేసి మెడ అంచుకి పెట్టడం మంచిది. మట్టిగాజులు వేసుకున్నవాళ్ళు చేతులు తిప్పుతూ మాట్లాడితే ఆ గలగల కొంచెం వస్తుంది. నా మట్టుకు నాకు అది ఉంటేనే బాగుంటుంది. కమిటీలో కొందరు ఒప్పుకోరు.

మైకు తగిలించేది ఎప్పుడూ ఆడమనిషే. ఆవిడని అడిగి, ఎక్కడ పెడుతున్నామో చెప్పి పెట్టాలి. తీసేటప్పుడు కూడా అంతే.

ఇప్పుడు వైరు కొసకి వద్దాం. కొసన ఉన్న పిన్ను చూడండి. దీని మీద నల్ల గీతలు ఉంటాయి, ఉంగరాల్లాగా. రెండు గీతలుంటే కెమెరాకి. మూడు గీతలుంటే ఫోనుకి. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, ఒకే కన్నంలో దూరతాయి. కానీ మూడు గీతల పిన్ను కెమెరాకి పెడితే మాట అసలు రాకపోవచ్చు, లేదా గురగురమంటుంది. మధ్యలో మార్చే ముక్క ఒకటి ఉంటుంది, అది మన సంచిలో ఎర్ర దారం కట్టి ఉంచాం. మన కాలర్ మైకుకి మాత్రం ఒక చిన్న డబ్బా ఉంది, దాని మీద కెమెరా అని ఒకవైపు, ఫోను అని ఒకవైపు బొత్తాం జరపాలి. కెమెరా వైపు జరిపినప్పుడు లోపలున్న చిన్న గుండ్రటి సెల్లు పని చేస్తుంది. సెల్లు అయిపోతే మైకు ఉన్నా లేనట్టే.

కెమెరాకి రెండు కన్నాలు ఉంటాయి. ఒకదాని మీద మైకు బొమ్మ, ఒకదాని మీద హెడ్‌ఫోను బొమ్మ. మైకు పిన్ను గట్టిగా, టిక్కుమనే దాకా నొక్కాలి. సగం దూర్చి వదిలేస్తే ఒకే చెవిలో వస్తుంది, లేదా లోపలి మైకే రికార్డవుతూ ఉంటుంది. మీలో ఎవరైనా సొంతంగా కెమెరా కొనాలనుకుంటే ముందు ఆ మైకు కన్నం ఉందో లేదో చూసుకోండి. ఎన్ని మెగాపిక్సెళ్ళని కొట్టువాడు చెప్తాడు, కన్నం సంగతి చెప్పడు.

పిన్ను పెట్టాక సంగతి అయిపోలేదు. కెమెరా లోపల శబ్దాన్ని తనంతట తానే హెచ్చించి తగ్గించే ఏర్పాటు ఒకటి ఉంటుంది, ఆటో అంటారు. మనిషి మాట్లాడుతుంటే బాగానే ఉంటుంది. మాట ఆపి కాసేపు ఆలోచించిందనుకోండి, ఏమీ వినబడట్లేదని కెమెరా గబగబా హెచ్చించేస్తుంది. అప్పటి వరకు ఎక్కడో ఉన్న ఫ్యాను, కాకి, పక్కింటి మిక్సీ ఒక్కసారి మీదికి వచ్చేస్తాయి. మళ్ళీ మాట మొదలెట్టగానే అవి మునిగిపోతాయి. అల వచ్చి వెళ్ళినట్టు ఉంటుంది. మన పెద్దవాళ్ళు మాట్లాడేటప్పుడు ఆగి ఆగి మాట్లాడతారు. కష్టం చెప్పేటప్పుడు అసలే ఆగుతారు. ఆ ఆగిన చోట మిక్సీ చప్పుడు వస్తే ఎలా ఉంటుందో మీరే చెప్పండి. అందుకని మెనూలోకి వెళ్ళి ఆటో తీసేసి మాన్యువల్ పెట్టాలి. ఆవిడని మామూలుగా మాట్లాడమనాలి, పొద్దున ఏం వండావో చెప్పమంటే చాలు. తెర మీద శబ్దం గీత లేచి పడుతూ ఉంటుంది. మాట గట్టిగా ఉన్నప్పుడు అది మైనస్ పన్నెండు అంకె చుట్టూ ఉండాలి. సున్నా దాకా పోయి ఎర్రగా వెలిగితే మాట పగిలిపోతుంది. పగిలిన మాటని తర్వాత ఎవరూ అతకలేరు. కాస్త తక్కువగా ఉన్నదాన్ని తర్వాత పెంచుకోవచ్చు.

ఇక హెడ్‌ఫోను. కమిటీలో దీని మీదే పెద్ద వాదన అయింది, డబ్బు దండగని. నేను ఒకటే అంటాను. ఉప్పు చూడకుండా వెయ్యిమందికి పప్పు వండుతామా? హెడ్‌ఫోను లేకుండా రికార్డు చేయడం అంతే. గీత లేస్తోంది కదా అని ఊరుకోకూడదు. గొలుసు చప్పుడుకీ గీత లేస్తుంది, గాలికీ లేస్తుంది. చెవులు మూసుకునేంత పెద్దది పెట్టుకొని ఒక మనిషి మొదటి నుంచి చివరి దాకా వింటూ కూర్చోవాలి. ఆవిడ పని అదొక్కటే. చప్పుడు వస్తే చెయ్యెత్తి ఆపాలి. పెద్ద మనిషి మాట్లాడుతున్నారని మొహమాటపడకూడదు.

మన ఊళ్ళో చప్పుళ్ళ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. రేవులో ఓడ కూత, గూడ్సు బళ్ళు పెట్టెలు కలుపుకునే మోత, హైవే మీద ఉక్కు లోడు లారీలు, నెత్తిమీంచి నేవీ విమానాలు. వీటిని మైకు ఆపలేదు. ఆగి, పోయాక మళ్ళీ అడగడం ఒకటే మార్గం. "పెద్దమ్మా, విమానం వెళ్ళిపోనీ" అంటే ఎవరికైనా అర్థమవుతుంది. ఇంట్లో అయితే ఫ్యాను ఆపాలి, ఫ్రిజ్ ఆపాలి. ఫ్రిజ్ ఆపినప్పుడు మీ ఇంటి తాళంచెవులు అందులో పెట్టండి. లేదంటే మళ్ళీ వేయడం మర్చిపోయి వెళ్ళిపోతారు, ఆ ఇంటావిడ పాలు విరిగిపోతాయి. ఫోన్లన్నీ ఫ్లైట్ మోడులో పెట్టాలి. మోగకపోయినా వైరు దగ్గర ఉంటే టిర్ర్ టిర్ర్ అని దూరుతుంది. కెమెరా చార్జరుకి పెట్టి తీస్తే కొన్ని ఇళ్ళలో కరెంటు గుయ్ మంటుంది, బ్యాటరీ మీదే తీయండి.

రేకుల ఇల్లు, సున్నం గోడల గది అయితే ముందు ఒకసారి చప్పట్లు కొట్టి చూడండి. టంగుమని తిరిగొస్తే అక్కడ మాట కూడా అలాగే తిరిగొస్తుంది. బొంతలు, దుప్పట్లు, దండెం మీద రెండు పాత చీరలు, కెమెరాకి కనబడని పక్క వేలాడదీయండి. కింద చాప పరవండి. బట్టలు కుక్కిన చిన్న గది ఉంటే అన్నిటికంటే మంచిది.

సముద్రపు గాలి వేరే కథ. మధ్యాహ్నం తర్వాత ఒడ్డున గాలి జోరందుకుంటుంది. మైకు మీద గాలి కొడితే వచ్చేది గాలి చప్పుడు కాదు, బుడబుడమనే ఉరుము. దాని కింద మాట చచ్చిపోతుంది. మైకుతో వచ్చే చిన్న స్పాంజి తొడుగు ఇంట్లో ఫ్యానుగాలికి సరిపోతుంది గానీ ఒడ్డున ఆగదు. బొచ్చు తొడుగు కావాలి. బయట కొంటే ఖరీదు. మన కుట్టు గ్రూపు వాళ్ళు పిల్లల బొమ్మలకి వాడే బొచ్చుగుడ్డతో కుట్టిచ్చారు, రెండు రకాలు. మొదటిది వెనక గుడ్డ మందంగా ఉండి సకారాలు శకారాలు మొద్దుబారాయి. రెండోది పల్చటి అల్లిక గుడ్డ మీద బొచ్చు ఉన్నది, అది అద్భుతంగా పని చేసింది. కుట్టిన చెల్లెలు ఇక్కడే ఉంది, లేచి నిలబడమంటే నిలబడదు. తొడుగు ఉన్నా సరే, మనిషి వీపు గాలికి పెట్టి, పడవ చాటునో గోడ చాటునో కూర్చోబెట్టాలి. కెమెరాలో లో-కట్ అని ఉంటే వేసుకోవాలి, అది ఆ ఉరుము లాంటి కింది చప్పుడుని కొంత కోసేస్తుంది. అన్నిటికంటే మేలు, గాలి లేవకముందే పొద్దున్నే వెళ్ళడం.

ఫిషింగ్ హార్బరులో తెల్లవారు జామున వేలంపాట సంగతి కూడా చెప్పాలి. ఆ అరుపుల మధ్య ఎవరినీ ప్రశ్నలు అడగొద్దు. కానీ ఆ అరుపులు మనకి కావాలి, అది మన చేపలమ్మే అక్కల జీవితం. అందుకని రెండూ విడివిడిగా తీసుకోవాలి. ఎవరూ మాట్లాడకుండా రెండు నిమిషాలు ఆ పాట, ఆ బుట్టలు, ఆ మంచుగడ్డలు పగలగొట్టే చప్పుడు రికార్డు చేసుకోండి. ఆనక ఆవిడని పక్క సందులోకి తీసుకెళ్ళి మాట్లాడించండి. ఎడిటింగులో మాట కింద ఆ చప్పుడుని సన్నగా పరుచుకోవచ్చు. కలిపి తీస్తే విడదీయలేం, విడిగా తీస్తే కలుపుకోగలం. ప్రతి చోటా అంతా అయ్యాక ఒక అరనిమిషం అందరూ మాటలాపి ఆ చోటి నిశ్శబ్దాన్ని కూడా తీసుకోండి. అతుకులు వేసేటప్పుడు పనికొస్తుంది.

రెండో మైకు చేత్తో పట్టుకునేది. సభల్లో, వీధుల్లో పనికొస్తుంది. దీన్ని నోటికి నాలుగు వేళ్ళ దూరంలో, కాస్త పక్కగా పట్టుకోవాలి. సూటిగా పెడితే ప, బ, భ అన్నప్పుడల్లా ఫట్టుమంటుంది. మైకు ఎప్పుడూ అడిగే మనిషి చేతిలోనే ఉండాలి. అవతలివాళ్ళ చేతికిస్తే పొట్ట దగ్గర పెట్టుకొని మాట్లాడతారు. వీధిలో పెద్దమనుషుల చేతికిస్తే అసలు తిరిగిరాదు.

పొడుగ్గా కర్రలా ఉండే షాట్‌గన్ మైకు మనం కొనలేదు. అది ఎటు చూపిస్తే అటు వింటుంది, మంచిదే. కానీ దాన్ని కెమెరా మీద పెట్టి పది అడుగుల దూరం నుంచి తీస్తే లాభం లేదు, కర్రకి కట్టి తలమీద పట్టుకునే మనిషి కావాలి. వైరు లేని మైకు ఇప్పుడు చవగ్గానే వస్తోంది. మనిషి అడ్డం వస్తే, చార్జింగు తగ్గితే మాట తెగుతుంది. ఈ ఏడాది వద్దనుకున్నాం.

ఇలాంటి మహాసభలు తీసేటప్పుడు మైక్‌సెట్ అతని ఆంప్లిఫయరు నుంచి వైరు తెచ్చి కెమెరాకి పెట్టమంటారు. తిన్నగా పెట్టకండి. కెమెరా మైకు కన్నం వోల్టులో వెయ్యో వంతుల లెక్కలో ఉన్న సన్నటి సిగ్నల్ కోసం చేసింది. ఆంప్లిఫయరు లైను నుంచి వచ్చేది దానికి వందల రెట్లు. మధ్యలో తగ్గించే ముక్క లేకపోతే ఎంత తగ్గించినా మాట చిరిగిపోయే ఉంటుంది. మనకి తేలికైన దారి ఉంది. వేదిక మీద మాట్లాడేవాళ్ళ ముందు ఒక ఫోను రికార్డింగులో పెట్టేయండి. కెమెరా ముందు ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. తర్వాత ఫోనులోని చప్పట్లనీ వీడియోలోని చప్పట్లనీ ఒకచోట కలిపితే మిగతాదంతా దానంతట అదే కలుస్తుంది.

చివరిగా ఒకటి, ఇది కమిటీలో అందరం ఒప్పుకొని రాసుకున్నది. కాలర్ మైకు తగిలించిన మనిషి గుసగుసలాడినా హెడ్‌ఫోనులో మనకి వినబడుతుంది. నీళ్ళు తాగడానికి లేచి కోడలితో ఏదో అంటుంది. మొగుడి తాగుడు సంగతో, బంగారం తాకట్టు సంగతో. అది వీడియో కోసం చెప్పిన మాట కాదు. రికార్డింగు ఆపగానే మైకు తీసేయాలి, లేదా బొత్తాం ఆపాలి. అలాంటిది పొరపాటున రికార్డయితే అక్కడే, ఆవిడ ముందే చెరిపేయాలి. హెడ్‌ఫోను పెట్టుకున్న మనిషి విన్నది బయట అనకూడదు. తీసినదాన్ని ఎవరికైనా పంపేముందు ఆవిడకి హెడ్‌ఫోను పెట్టి పూర్తిగా వినిపించాలి. ఆవిడ సరేనంటేనే పంపాలి. అసలు రికార్డింగుని రెండు చోట్ల దాస్తున్నాం, ఒకటి ఆఫీసు బీరువాలో, ఒకటి కార్యదర్శి గారి ఇంట్లో.

మైకు సంచి సమాఖ్య ఆఫీసులో ఉంటుంది. రిజిస్టరులో సంతకం పెట్టి ఏ సంఘమైనా తీసుకెళ్ళొచ్చు, రెండు రోజులకి. సంచిలో కాలర్ మైకులు రెండు, చేతి మైకు ఒకటి, హెడ్‌ఫోను, బొచ్చు తొడుగులు, పిన్నీసుల డబ్బా, ఎర్ర దారం కట్టిన ముక్క, అదనంగా సెల్లులు నాలుగు ఉంటాయి. తిరిగి ఇచ్చేటప్పుడు మైకులోంచి సెల్లు తీసి ఇవ్వండి, వైరుని మోచేతికి చుట్టకుండా వదులుగా చుట్టండి. మోచేతికి చుడితే లోపల తీగ తెగుతుంది. వచ్చే నెల మొదటి మంగళవారం పదకొండింటికి ఆఫీసులో అభ్యాసం పెట్టాం. సంఘానికి ఇద్దరు చొప్పున రండి, ఒకరు మాట్లాడేవాళ్ళు, ఒకరు వినేవాళ్ళు. మీ ఫోన్లు తెచ్చుకోండి. కొత్త చీరలు కట్టుకొచ్చినా పర్వాలేదు, వాటితోనే నేర్చుకుందాం.